ముక్కుతో పనిచేసే కుక్క: నేర్పడం ఎలా, ఇంట్లో ఉంచుకోవడం ఎలా

మా చుక్క లాబ్రడార్ ఆడకుక్క, ఆరేళ్లు నిండాయి. దాని పని నల్లులు పట్టడం. హోటల్ గదుల్లో, హాస్టళ్లలో, ఇళ్లలో పరుపుల అంచులూ సోఫా మడతలూ వాసన చూసుకుంటూ వెళ్లి, ప్రాణంతో ఉన్న నల్లి ఎక్కడుందో అక్కడ కూర్చుంటుంది. పనయ్యాక నాతోపాటే ఇంటికొచ్చి మామూలు పెంపుడు కుక్కలా కాళ్లు చాపుకుని పడుకుంటుంది. అలాంటి కుక్కని సొంతంగా తయారుచేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బాంబులు, మత్తుమందులు పట్టే కుక్కల శిక్షణ అనుమతి ఉన్న విభాగాల్లోనే జరగాలి, ఆ సరుకు మనం ముట్టుకోకూడదు. కానీ పద్ధతి ఏ వాసనకైనా దాదాపు ఒకటే. కొత్తవాళ్లు లవంగ నూనెతో మొదలుపెట్టండి, కుక్కలకి పెట్టే వాసన పట్టే పోటీల్లో కూడా అది వాడతారు.

ముందు రెండు లెక్కలు. 2008లో అమెరికాలో పరిశోధకులు నల్లుల్ని దాచిపెట్టి కుక్కల్ని పరీక్షిస్తే 97.5 శాతం సరిగ్గా పట్టాయి. 2014లో వేరే పరిశోధకులు, రోజూ ఇదే పని చేసే బృందాల్ని (ఒక కుక్క, దాన్ని నడిపించే మనిషి) నిజంగా జనం ఉంటున్న అపార్ట్‌మెంట్లలోకి పంపితే సగటు 44 శాతానికి పడిపోయింది, పైగా నల్లులు లేని ఇళ్లలో సగటున 15 శాతం చోట్ల ఉన్నాయని చెప్పాయి. అందులోనే ఒక బృందం అన్నీ పట్టింది, ఇంకొకటి పదింట ఒకటి పట్టింది. కుక్క ముక్కుల్లో అంత తేడా ఉండదు. ఇన్నేళ్లలో నాకర్థమైంది ఏంటంటే, తప్పుల్లో ఎక్కువ భాగం పట్టీ పట్టుకున్న మనిషి దగ్గర పుట్టి కుక్కకి పాకుతాయి. కింద చెప్పేదంతా ఆ పాకడాన్ని ఆపడానికే.

కుక్కని ఎంచుకోవడం

జాతి గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. లాబ్రడార్, స్ప్రింగర్ స్పానియల్, బీగిల్, మాలినోయిస్, జర్మన్ షెపర్డ్ అన్నీ ఈ పని చేస్తున్నాయి, ఊరకుక్కలూ చేస్తాయి. చూడాల్సింది బాల్ మీద పిచ్చి. బాల్ దానికి చూపించి మోకాలెత్తు గడ్డిలోకి విసరండి, కుక్కని పట్టుకుని ఒక నిమిషం ఆపి తర్వాత వదలండి. కొన్ని కుక్కలు పది సెకన్లు వెతికి మీ మొహంలోకి చూస్తాయి. కొన్ని పావుగంటైనా ముక్కు నేలకి ఆనించి తిరుగుతూనే ఉంటాయి, పిలిచినా వినిపించనట్టు. మీకు కావాల్సింది ఆ రెండో రకం. దాంతోపాటు కొత్త చోట్లంటే బెదరకూడదు. నున్నటి గచ్చు, లిఫ్ట్, ఇనుప మెట్లు, వాక్యూమ్ క్లీనర్ చప్పుడు, ఇవి చూసి తోక ముడుచుకునే కుక్కకి ఎంత మంచి ముక్కున్నా పనిలో నరకమే. పిల్లగా ఉన్నప్పుడు, మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా, ఎన్ని రకాల మనుషుల్ని, చోట్లని, శబ్దాల్ని మెల్లగా పరిచయం చేస్తే అంత మంచిది. తర్వాత నేర్పచ్చు గానీ కష్టం.

వాసన తలకెక్కించడం

మనిషి ముక్కులో వాసన పసిగట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్కకి 20 కోట్ల పైనే ఉంటాయని లెక్క. వాసన చూసేటప్పుడు సెకనుకి అయిదారు సార్లు గాలి పీలుస్తుంది, వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదిరిపోదు. అంటే దానికి వాసన చూడటం మనం నేర్పేదేం లేదు. ఈ ఒక్క వాసన దొరికితే బాల్ వస్తుందని మాత్రం నేర్పాలి.

మూతకి చిల్లులున్న చిన్న డబ్బాలు ఆరు తీసుకోండి, అన్నీ ఒకలాంటివే. అయిదింటిలో ఉత్త దూది, ఒకదానిలో లవంగ నూనె ఒక్క చుక్క అద్దిన దూది. వరసగా నేలమీద పెట్టి కుక్కని తీసుకురండి. ఏమీ అనకండి, ఏదీ చూపించకండి. ఒక్కో డబ్బా మీదుగా దాని ముక్కు పోతుంది. లవంగం డబ్బా మీద ముక్కు ఆగిన క్షణంలో ఎస్ అనండి, లేదా క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) నొక్కండి, వెంటనే బాల్ ఆ డబ్బా దగ్గరే పడేయండి. మీ చేతిలోంచి కాకుండా వాసన ఉన్నచోటి నుంచే బాల్ పుట్టినట్టు దానికి అనిపించాలి. ఎస్ అనడం ఒక సెకను ఆలస్యమైతే, అప్పటికి అది తల తిప్పేసి ఉంటుంది కాబట్టి, తల తిప్పినందుకు జీతం ఇచ్చినట్టవుతుంది. అందుకే మొదట కుక్క లేకుండా, ఇంకొకరు చెయ్యెత్తినప్పుడల్లా క్లిక్ చేస్తూ మీ చేతికి సాధన చేయించండి. అయిదు నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడు సార్లు చాలు. ఇంకా కావాలని కుక్క అనుకుంటున్నప్పుడే ఆపేయాలి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. వాసన డబ్బా మాత్రమే చేత్తో సర్దుతారు, మిగతావి ముట్టుకోరు. కుక్క మీ చెయ్యి తగిలిన డబ్బాని పట్టడం నేర్చుకుంటుంది, మీరేమో లవంగం వచ్చేసిందని సంబరపడతారు. కాబట్టి ఖాళీవి ముందు సర్దండి, వాటినీ అంతే సేపు ముట్టుకోండి, తర్వాత గ్లౌజులు మార్చి వాసన డబ్బా పెట్టండి. ఖాళీ డబ్బాల్లో వేరే వేరేచోట్ల కొత్త గ్లౌజు ముక్క, టేపు ముక్క, ప్లాస్టిక్ కవరు, బిస్కెట్ పొడి, ఇలా వేసి చూడండి. వాటి దగ్గర ఆగితే తిట్టకండి, ఏమీ చేయకుండా ఊరుకోండి, అది ముందుకి కదిలిపోతుంది.

నల్లులకైతే ఇంకా జాగ్రత్త. మెత్తటి జాలీ మూత ఉన్న గాజు సీసాలో ప్రాణంతో ఉన్న నల్లుల్ని పెడతాం. చచ్చినవి, ఊడిపడ్డ పొట్టు, మచ్చలు ఎప్పటికప్పుడు తీసేయాలి. లేకపోతే అది చచ్చిన నల్లి వాసన కూడా నేర్చుకుని, ఏడాది కిందటే మందు కొట్టి శుభ్రం చేసిన మంచం దగ్గర కూడా కూర్చుంటుంది. ప్రాణంతో ఉన్నవాటి సీసా ఉన్నచోటే ఉత్త పొట్టు ఉన్న సీసాని కూడా పెట్టి, దాన్ని వదిలేయడం నేర్పాలి. సీసాల్లో ఎన్ని నల్లులున్నాయో సాధనకి ముందూ తర్వాతా లెక్కపెట్టండి. ఈ ఒక్క విషయంలో బద్ధకం వద్దు.

కూర్చోవడం

వాసన మీద ముక్కు గట్టిగా ఆగుతున్నప్పుడు మాత్రమే అలర్ట్, అంటే వాసన దొరికిందని కుక్క మనకి చెప్పే సైగ, నేర్పండి. గోకడం, మొరగడం కన్నా కూర్చుని ఆ చోటినే చూస్తూ ఉండటం మంచిది. నల్లుల పనిలో గోకితే వాళ్ల పరుపు చిరుగుతుంది, బాంబుల పనిలో గోకితే ప్రాణం పోతుంది. కూర్చోవడం వేరుగా నేర్పి ఉంచి, వాసన దగ్గర ఎస్ అనడం ఒక సెకను ఆలస్యం చేయండి. కుక్క చిరాకుపడి తనకి తెలిసినవన్నీ చేస్తుంది, అందులో కూర్చోవడం వస్తుంది, అప్పుడు బాల్. తర్వాత రెండు సెకన్లు, అయిదు, పది. ఇది రెండు మూడు వారాల పని, పెద్దగా చెప్పడానికేం లేదు.

అసలు చూడాల్సింది కూర్చోవడానికి ముందు జరిగేది. చుక్క గదిలో తిరుగుతున్నప్పుడు నోరు కొంచెం తెరిచి, తోక అటూ ఇటూ లూజుగా ఊపుతూ నడుస్తుంది. వాసన తగలగానే నోరు మూసుకుంటుంది. ఊపిరి చప్పుడు మారుతుంది, సన్నగా, వేగంగా, కుట్టుమిషన్ తిరిగినట్టు. తోక ఊపు చిన్నదై వెన్నుతో సమానంగా నిలబడుతుంది. ఒక అడుగు దాటిపోయి, మెడ వెనక్కి తిప్పి, అక్కడికే వస్తుంది. ఆ తర్వాతే కూర్చుంటుంది. ప్రతి కుక్కకీ ఇలాంటి వరస ఒకటి ఉంటుంది, మీ కుక్కది ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా పది సార్లు చూడండి. ఈ వరసేదీ లేకుండా కుక్క టక్కున కూర్చుందంటే అది మిమ్మల్ని చూసి కూర్చున్నట్టే.

గాలి

వాసన దాచినచోటే ఉండదు. ఏసీ ఉన్న గదిలో అది ఎదురు గోడకి కొట్టుకుని అక్కడ పోగవుతుంది, ఎండ పడే గోడ వెంట పైకి లేస్తుంది, తలుపు కింద నుంచి పక్క గదిలోకి పోతుంది. దాచి అయిదు నిమిషాలే అయితే వాసన ఆ చుట్టూ మాత్రమే ఉంటుంది, గంట గడిస్తే గదంతా పరుచుకుంటుంది. కుక్కకి రెండూ వేరే వేరే లెక్కలు. కాబట్టి కొన్ని అప్పుడే దాచి, కొన్ని గంటల ముందు దాచి సాధన చేయించండి. గదిలోకి వెళ్లగానే కొంచెం పౌడర్ గాల్లోకి చల్లి ఎటు పోతోందో చూడండి, గాలి ఎదురయ్యే వైపు నుంచి కుక్కని మొదలుపెట్టండి. ఫ్యాన్ ఆపేసి కాసేపు ఆగాక వెతికిస్తే ఇంకా తేలిక. ఎత్తులు మార్చడం మర్చిపోకండి. మనం వంగి దాచడం అలవాటైపోయి అన్నీ మోకాలి కిందే పెడుతుంటాం, అప్పుడు కుక్క పైకి చూడటం మానేస్తుంది.

మనమే చెప్పేస్తున్నాం

ఇది కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

బెర్లిన్‌లో హాన్స్ అని ఒక గుర్రం లెక్కలు చేస్తుందని పేరు తెచ్చుకుంది. 1904లో పరీక్షించి చూస్తే, జవాబు దగ్గరపడేకొద్దీ అడిగినవాళ్ల ఒంట్లో వచ్చే చిన్న కదలికని చూసి అది గిట్టతో కొట్టడం ఆపుతోందని తేలింది. అడిగినవాళ్లకి తాము కదులుతున్నామనే తెలియదు. కుక్కలు ఆ విషయంలో గుర్రాన్ని మించినవి. 2011లో కాలిఫోర్నియాలో 18 బృందాలతో ఒక పరీక్ష చేశారు. గదుల్లో ఏ వాసనా దాచలేదు, కానీ దాచామని హ్యాండ్లర్లకి, అంటే కుక్కల్ని నడిపించేవాళ్లకి, చెప్పారు, కొన్నిచోట్ల ఎర్ర కాగితం అంటించి వాసన అక్కడుందని నమ్మించారు. 144 సార్లు వెతికిస్తే 123 సార్లు ఎక్కడో ఒకచోట అలర్ట్ వచ్చిందని హ్యాండ్లర్లు చెప్పారు. ఏమీ లేనిచోట.

నాకూ జరిగింది. ఒక హోటల్ గదిలో మేనేజరు ముందే చెప్పాడు, ఈ మంచం మీదే కుట్టాయని. నేను ఆ మంచం దగ్గర మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడ్డాను, పరుపు మూలని రెండోసారి చేత్తో చూపించాను. చుక్క కూర్చుంది, బాల్ ఇచ్చాను. తర్వాత టార్చి పెట్టి కుట్లన్నీ విప్పి చూసినా, తలవైపు చెక్క ఊడదీసినా ఏమీ లేదు. అక్కడితో పోలేదు. తర్వాత రెండు వారాలు నేనెక్కడ ఆగితే అక్కడ కూర్చోవడం మొదలుపెట్టింది. స్నేహితుడితో వీడియో తీయించి చూసుకుంటే, వాసన ఉందనుకున్నచోట నా కాలు ఆగుతోంది, కుడిచెయ్యి బాల్ ఉన్న జేబులోకి పోతోంది. అది సరిచేయడానికి నెల పట్టింది. బాల్ నా జేబులోంచి తీసేసి వెనకున్న మనిషి చేతికిచ్చాను, కుక్క ఏం చేస్తున్నా నేను అదే వేగంతో నడుస్తూనే ఉండటం నేర్చుకున్నాను.

మీరు ముందు నుంచే ఇలా చేయండి. వారంలో కనీసం సగం సాధనలకి వేరేవాళ్లు దాచాలి, ఎక్కడ దాచారో మీకు చెప్పకూడదు, మీరు వెతికిస్తున్నంతసేపూ వాళ్లు ఆ గదిలో ఉండకూడదు. బయట నుంచి తలుపు తట్టి, కుక్క ఎక్కడ కూర్చుందో మీరు చెప్తే, అవునో కాదో వాళ్లు చెప్పాలి. ఏమీ దాచని గదులు తప్పకుండా పెట్టండి. ఏమీ దొరక్కపోవడం కూడా మామూలు విషయమేనని కుక్కకీ తెలియాలి, మీకూ తెలియాలి. ఖాళీ గది అయ్యాక పద అని మామూలుగా బయటికి రండి, ఇంకోసారి వెతుకు అని తిప్పకండి. మూడోసారి తిప్పితే ఏ కుక్కైనా మీకోసం ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది.

పనిమీద ఉన్నప్పుడు నాకు నా కళ్లతో నల్లి కనిపించేదాకా బాల్ ఇవ్వను. కనిపించకపోతే చుక్కని మెత్తగా పక్కకి తీసుకొచ్చి, చివర్లో నా సీసా ఒకటి ఒకచోట పెట్టించి దాన్ని పట్టనిచ్చి ఆట ఆడిస్తాను. రోజంతా పనిచేసి జీతం లేకుండా ఇంటికి రాకూడదు కదా.

ఇంట్లో

ఆ బాల్ ఇంట్లో కనిపించకూడదు. ఇదే మొదటి రూల్. అల్మారాలో పైఅరలో పెడతాం, పిల్లలు కూడా ముట్టుకోరు. ఇంట్లో తాడు, నమిలే బొమ్మ, పాత దిండు ఏవైనా ఇవ్వండి, పనిలో వచ్చే ఆ ఒక్కటి మాత్రం పనిలోనే రావాలి. సోఫా కింద పగలంతా దొర్లే బాల్ కోసం ఎవరు మాత్రం నలభై గదులు వెతుకుతారు? తిండి బహుమతిగా పెట్టేవాళ్లయితే రోజు తిండిలోంచే ఆ కొలత తగ్గించండి, లేకపోతే ఆరు నెలల్లో కుక్క పీపాలా తయారవుతుంది.

హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) వేస్తే పని, తీస్తే ఇల్లు. ఈ తేడా కుక్కకి చాలా హాయినిస్తుంది. చుక్క హార్నెస్ తీయగానే ఒళ్లంతా దులుపుకుని నీళ్ల గిన్నె దగ్గరికి పోతుంది. ఇంటికొచ్చినవాళ్లు ఏదీ మీ కుక్క పని చూపించండి అంటే నేను చూపించను, మొహమాటానికి కూడా. అలా చూపించడం మొదలైతే దానికి ఇల్లూ పనిచోటే అయిపోతుంది, మనుషులొస్తే చాలు టెన్షన్‌తో తిరుగుతుంది. పనికి పనికొచ్చే కుక్కలకి ఊరికే ఉండటం చేతకాదు, అది కూడా నేర్పాలి. ఒక చాప వేసి దానిమీద పడుకున్నప్పుడల్లా, ఏమీ అనకుండా ఒక చిన్న ముక్క కాళ్ల మధ్య పెట్టి వెళ్లిపోండి. మొదట అది మిమ్మల్నే చూస్తూ ఉంటుంది, కొన్నాళ్లకి తల వాల్చేస్తుంది. తల వాల్చినప్పుడు ఇచ్చే ముక్కకే ఎక్కువ విలువ. రోజుకి పన్నెండు నుంచి పధ్నాలుగు గంటల నిద్ర కావాలి దానికి, పిల్లలకి ఆ సంగతి చెప్పి ఉంచండి.

నడకకి తీసుకెళ్లినప్పుడు ముక్కుని స్వేచ్ఛగా వదిలేయండి. చెట్టు మొదలు దగ్గర మూడు నిమిషాలు నిలబడితే మీరూ నిలబడండి. అది పని కాదు, దానికి పేపర్ చదువుకోవడం లాంటిది. సాధనకి వాడే వాసన మాత్రం ఇంట్లో ఉండకూడదు. లవంగంతో నేర్పుతుంటే నూనె సీసా, దూది, డబ్బాలు గట్టి మూతలో ఇంటి బయట పెట్టండి, లేకపోతే పొద్దస్తమానం ఆ వాసన పీల్చుతూ ఏ బాల్ రాక, ఆ వాసనకి విలువ లేదని నేర్చుకుంటుంది.

నల్లుల పని చేసేవాళ్లకి ఇంకో పని. గుమ్మం దగ్గరే బట్టలు మార్చుకోండి, అవి డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పండి, కుక్క పరుపు కూడా. నల్లులు కుక్క ఒంటి మీద కాపురం పెట్టవు గానీ సంచుల్లో, దుప్పట్లలో మనతోపాటు ఇంటికొస్తాయి.

ఒళ్లు, ముక్కు

రొప్పుతున్న కుక్క వాసన సరిగ్గా చూడలేదు, ఎందుకంటే నోటితో గాలి పీల్చుకుంటోంది. లావున్న కుక్క తొందరగా రొప్పుతుంది. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకు రాకూడదు, అదీ కొలత. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. వేసవిలో పని చేయిస్తే థర్మామీటర్ సంచిలో ఉండాలి. 40 దాటితే పని ఆపి నీడకి తీసుకెళ్లి తడపండి, 41 దాకా వస్తే తడుపుతూనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మామూలు రోజుల్లో కూడా ఇరవై నిమిషాలు వెతికిస్తే ఒక విరామం, నీళ్లు, కాస్త నడక.

పళ్లు చూపించుకుంటూ ఉండండి, పై పన్ను కుళ్లితే ముక్కుదాకా పోతుంది. మందుల విషయంలో డాక్టరుకి ఇది పనిచేసే కుక్క అని ముందే చెప్పండి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన కొన్ని కుక్కల్లో పేలుడు పదార్థాల వాసన పట్టే శక్తి తగ్గినట్టు పరీక్షల్లో కనిపించింది, కాబట్టి అలాంటిది వాడుతుంటే కోర్సు అయ్యాక కూడా సాధనలో పరీక్షించుకున్నాకే పనిలోకి దింపండి. పురుగుమందు కొట్టిన గదిలోకి, అది పూర్తిగా ఆరి డబ్బా మీద రాసిన సమయం గడిచేదాకా కుక్కని పంపకండి, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

పుస్తకం

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, గది, వేడి, ఎవరు దాచారు, ఎంత ఎత్తులో, ఎంతసేపటి కిందట, పట్టిందా లేదా, ఉత్తినే కూర్చుందా. మూణ్ణెల్లకోసారి వెనక్కి తిప్పి చదవండి. నా పుస్తకంలో ఒకసారి వరసగా అయిదు తప్పులూ పరదాల పైఅంచులోనే దొరికాయి. నేను దాచేటప్పుడు స్టూలు వేసుకోవడానికి బద్ధకించి అక్కడ ఎప్పుడూ పెట్టలేదు. తర్వాత రెండు వారాలు స్టూలు వేసుకునే దాచాను, ఆ తప్పులు పోయాయి.

ఎనిమిది, తొమ్మిదేళ్లకి చాలా కుక్కలు నెమ్మదిస్తాయి. మంచం ఎక్కేముందు ఆలోచించడం, రెండో గదికే రొప్పడం, పుస్తకంలో తప్పులు పెరగడం, ఇవి కనిపిస్తే పని తగ్గించండి, కానీ ఒక్కసారిగా ఆపకండి. చుక్క కన్నా ముందు మా దగ్గర పనిచేసిన ముసలి స్పానియల్‌కి పని ఆపేశాక కూడా, వాకిట్లో వరసగా పెట్టిన పాత చెప్పుల్లో ఒకదానిలో సాయంత్రం పూట లవంగం దూది దాచేవాళ్లం. కళ్లు సరిగ్గా కనిపించని రోజుల్లో కూడా ఒక్కో చెప్పూ వాసన చూసుకుంటూ వచ్చి, సరైనదాని ముందు మెల్లగా నడుం వంచి కూర్చునేది, బాల్ వచ్చేదాకా.